ఎర్రంచు విసనకర్ర

మా నాయనమ్మ చలికాలంలో కూడా విసనకర్ర పట్టుకునే గుడికి వెళ్ళేది. డిసెంబరు నెలలో ఊళ్ళో జనమంతా దుప్పట్లు కప్పుకుని, చెవులకు గుడ్డలు చుట్టుకుని ఆరాధనకు వస్తే, ఈవిడ మాత్రం ఒక చేత బైబిలు సంచి, ఇంకో చేత తాటాకు విసనకర్ర పట్టుకుని బయల్దేరేది. "ఈ చలిలో అదెందుకమ్మగారూ?" అని ఎవరైనా అడిగితే "నాది వేడి ఒళ్ళమ్మా" అనేది. ఆ మాట అంటూనే పైట భుజాల నిండా కప్పుకునేది. అబద్ధం ఆడటం ఆవిడకు చేతకాదు. జన్మకల్లా ఆడిన ఆ ఒక్క అబద్ధాన్నీ అంత అధ్వాన్నంగా ఆడేది.

రేపల్లెలో రైలు దిగి, నగరం అనే ఊరి వైపు వెళ్ళే బస్సెక్కితే దారిలో వచ్చే చిన్న ఊరు వాళ్ళది. తాతయ్య అక్కడి మిషన్ బడిలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. మేము తెనాలిలో ఉండేవాళ్ళం. నాన్న ఒక ఆఫీసులో గుమాస్తా. బడికి సెలవులిస్తే చాలు, నాన్న నన్ను తీసుకెళ్ళి అక్కడ వదిలి వచ్చేవాడు. ఆ రేపల్లె బండి ఎంత నెమ్మదంటే, భట్టిప్రోలు వచ్చేసరికి అమ్మ కట్టిచ్చిన పులిహోర అయిపోయేది, రేపల్లె వచ్చేసరికి మళ్ళీ ఆకలేసేది. బొగ్గు నుసి పడి కళ్ళు నలుపుకుంటూ దిగిన నన్ను చూసి నాయనమ్మ అనే మొదటి మాట "ఏంటే పిల్లా, ఇలా చిక్కిపోయావు?" అని. నేను ఏనాడూ చిక్కలేదు. అప్పటి ఫొటోలు ఉన్నాయి, కావాలంటే చూసుకోవచ్చు.

నాయనమ్మ పుట్టిల్లు కర్లపాలెం దగ్గర. వాళ్ళ నాన్న కూలికి వెళ్ళే మనిషే అయినా, కూతుర్ని బాపట్లలో ఆడపిల్లల బోర్డింగులో చేర్పించి చదివించాడు. ఆ చదువులో సగం పిల్లల పెంపకంలో మర్చిపోయానని అనేది గానీ, అక్కడ నేర్చుకున్న పాటల్లో మాత్రం ఒక్క ముక్క కూడా పోనివ్వలేదు. ఆవిడ చెవి అలాంటిది. పెరట్లో గేదె అరిస్తే వంటింట్లోంచే "ఇవాళ దాని గొంతు దిగిందేంటి, ఒంట్లో బాగున్నట్టు లేదు" అనేది. వెళ్ళి చూస్తే అది నిజంగానే మేత ముట్టకుండా నిలబడి ఉండేది.

అంత చెవి ఉన్న మనిషికి దొరికిన మొగుడు మా తాతయ్య. గుడిలో పాటలు ఎత్తుకునేది ఆయనే. గొంతు గట్టిది, ధైర్యం ఇంకా గట్టిది, శ్రుతి మాత్రం ఎప్పుడూ ఒక మెట్టు పైన. పెళ్ళిలో పాట ఎత్తుకోవాల్సిన మనిషే పెళ్ళికొడుకైపోయాడు కాబట్టి, తన పెళ్ళి పాట తనే ఎత్తుకున్నాడట. పక్కన ముసుగులో ఉన్న పెళ్ళికూతురు నోటినుంచి వచ్చిన మొట్టమొదటి మాట "కాస్త కిందికండీ" అని తాతయ్య వందసార్లు చెప్పేవాడు. నాయనమ్మ వందసార్లూ కాదనేది. "నేనేమీ అనలేదు, దగ్గు వస్తే దగ్గాను" అనేది. ఈ విషయంలో మాత్రం నేను తాతయ్య మాటే నమ్ముతాను.

మా గుడి చిన్న పెంకుటిల్లు. కుడివైపు చాపల మీద మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు. ముందు హార్మోనియం పెట్టుకుని తాతయ్య. సంఘంలో ఎక్కువమంది పొలం పనులకు వెళ్ళేవాళ్ళు, చదువు రానివాళ్ళు. అందుకని కీర్తనలో ఒక్కో వరస తాతయ్య ముందు పాడితే, ఆ వెనక సంఘమంతా దాన్ని అందుకునేది. వాళ్ళు ముగించాక ఆయన తర్వాతి వరస పాడాలి. ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో నాయనమ్మ కూర్చునేది. తాతయ్య మరీ పైన ఎత్తుకుంటే విసనకర్ర నేలకు ఆనించేది. కిందికి రమ్మని దాని అర్థం. కొత్తలో ఆయన చూసి కూడా చూడనట్టు పైకే పాడేవాడట. ఇంటికొచ్చాక "మీరు ఎత్తుకుంటే ఆడవాళ్ళమంతా తాడిచెట్టు ఎక్కాల్సి వస్తోంది" అని ఈవిడ, "ఎక్కండి, ఎవరొద్దన్నారు?" అని ఆయన. కాపురమంతా ఈ తగవు నడిచింది. నలుగురు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళై వెళ్ళిపోయినా ఈ తగవు మాత్రం ఇంట్లోనే ఉంది.

ఈ విసనకర్ర అసలు సంగతి నాకు ఒక కందిరీగ వల్ల తెలిసింది. అప్పటికి నాకు పదేళ్ళు దాటాయి. ఎండాకాలం ఆదివారం. నాయనమ్మను ఆనుకుని కూర్చున్నాను. తాతయ్య ఒక వరస పాడాడు, సంఘం అందుకుంది. ఇంతలో దూలం మీది గూటిలోంచి ఒక కందిరీగ వచ్చి నాయనమ్మ చెవి చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఎంతసేపని ఓర్చుకుంటుంది? విసనకర్రతో ఒక్క విసురు విసిరింది. అంతే, సంఘం ఇంకా సగంలో ఉండగానే తాతయ్య తర్వాతి వరస ఎత్తేసుకున్నాడు. కందిరీగ మళ్ళీ వచ్చింది, మళ్ళీ విసిరింది, ఆయన ఆ పై వరసకు వెళ్ళిపోయాడు. మగవాళ్ళు ఒక చరణంలో, ఆడవాళ్ళు ఇంకో చరణంలో, తాతయ్య అందరికంటే ముందు. కీర్తన పూర్తయ్యేసరికి అందరికీ చెమటలు పట్టాయి. ప్రశాంతంగా ఉన్నది తాతయ్య ఒక్కడే.

ఇంటికి వస్తుంటే కాలవ గట్టు మీద అడిగాను. "నాయనమ్మా, తాతయ్య నీ విసనకర్ర చూసి పాడతాడా?"

ఆవిడ టక్కున ఆగిపోయింది. "ఎవరన్నారే నీతో?"

"కందిరీగ."

నవ్వాపుకోలేకపోయింది. నవ్వుతూనే చుట్టూ చూసి, నన్ను పక్కకు లాగి, గొంతు తగ్గించి చెప్పింది. తాతయ్యకు చెవుడు వచ్చి కొన్నేళ్ళయిందట. ఆయన గొంతు ఆయనకు లోపలినుంచి వినబడుతుంది గానీ, జనం పాడుతున్నదీ ఆపినదీ తెలియదట. మొదట్లో ఒకటి రెండుసార్లు సంఘం మీద పడి పాడేస్తే కనిపెట్టిందట. ఆ తర్వాతి ఆదివారం నుంచి సంఘం పాడుతున్నంతసేపూ విసనకర్రతో తాళం వేసి, వాళ్ళు ముగించగానే దాన్ని ఆయనవైపు వంచుతోంది. ఆయన పాడుతున్నాడు. ఆయన కంటికి దూరం నుంచి ఆనాలని దాని చుట్టూ ఎర్రగుడ్డ అంచు కుట్టింది.

"నువ్వు చూపిస్తే చూసి పాడమని తాతయ్యకు చెప్పావా?"

"చెప్పడమేంటే? ఆయనకు చెవుడని ఆయన నాకు చెప్పాడా, నేను చెప్పడానికి?"

నాకు అర్థం కాలేదు. ఇప్పుడు మాత్రం చాలా బాగా అర్థమవుతుంది.

"మీ నాన్నతో మాత్రం అనకు" అంది మళ్ళీ. "వాడికి తెలిస్తే తెనాలి తీసుకెళ్ళి డాక్టర్లకు చూపిస్తానంటాడు. ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే శాలువా కప్పేస్తారు."

శాలువా సంగతి నాకు తెలుసు. పక్క ఊళ్ళో పాటలు ఎత్తుకునే ముసలాయనకు చూపు తగ్గితే, సంఘం సభ పెట్టి, దండ వేసి, శాలువా కప్పి, ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఎంతో మర్యాద చేశారు. ఆ రోజునుంచి ఆయన్ని ఒక్క పాట అడిగినవాళ్ళు లేరు. తాతయ్య ఆ సభకు వెళ్ళొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. "బతికుండగానే కప్పేశారే" అన్నాడు.

"బడి అయిపోయింది, పిల్లలు ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. ఆయనకు మిగిలింది ఆ పాట ఒక్కటే" అంది నాయనమ్మ. "నా ఒంట్లో ఊపిరున్నంత వరకూ దాన్ని ఎవరినీ తియ్యనివ్వను." ఆవిడ అంత పెద్ద మాట అనగా నేను వినడం అదే మొదలు. వెంటనే "నడు, అన్నం చల్లారిపోతోంది" అంది.

ఆ తర్వాత నేను ఇంట్లో కూడా కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. ఎవరైనా వాకిట్లోకి వచ్చి "మాస్టారూ, వందనాలండి, కాలవకు నీళ్ళు ఎప్పుడొదుల్తారంటండి?" అంటే, నాయనమ్మ ఎక్కడున్నా ఊడిపడేది. తాతయ్యకు ఎదురుగా నిలబడి, పెదాలు బాగా కదుపుతూ, "చూశారా, ఈయనకు అప్పుడే కాలవ నీళ్ళ తొందర!" అనేది. తాతయ్య ఆ పెదాలు చూసి తీరిగ్గా జవాబు చెప్పేవాడు. వచ్చినవాళ్ళకు మాత్రం ఈవిడ ప్రతిదానికీ మధ్యలో దూరుతున్నట్టు కనిపించేది. "మాస్టారు దేవుడులాంటి మనిషి, ఆవిడే ఆయన్ని నోరెత్తనివ్వదు" అని ఊళ్ళో అనుకునేవాళ్ళు. గయ్యాళి అని కూడా అన్నారు. అది ఆవిడ చెవిన పడింది. ఆ చెవిన పడకుండా ఉండేది ఏముంది? "అననీ, నాకేం అరిగిపోతుందా?" అంది. బోర్డింగులో చదివిన పిల్ల, గొంతెత్తి ఎవరినీ ఒక మాట అనని మనిషి, మొగుడి పరువు కోసం తను గయ్యాళి అనిపించుకుంది. ఇలాంటి మనుషుల్ని నేను తర్వాత చాలా తక్కువగా చూశాను.

కొన్నేళ్ళకు ఊరికి కరెంటు వచ్చింది, గుడికి కూడా వచ్చింది. దాంతో మా నాన్నకు ఒక ఆలోచన వచ్చింది. వాళ్ళమ్మ ఎప్పుడు చూసినా విసనకర్ర విసురుతూనే ఉంటుంది, చలికాలంలో కూడా ఉక్కపోస్తుందంటుంది, చెయ్యి పీకుతోందని మొన్న కొబ్బరినూనె రాసుకుంది కూడా. అందుకని గుడికి ఫ్యాన్లు ఇస్తానన్నాడు. ఎలా కూడబెట్టాడో గానీ తెనాలిలో కొని, రెక్కలు విడిగా గోనెపట్టాలో చుట్టి, రేపల్లె బండిలో మా కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళ్ళాం. దారి పొడుగునా నాన్న మొహం వెలిగిపోతూనే ఉంది. నేను మాత్రం ఆ గోనెపట్టా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. మా అమ్మ ఫ్యాన్ల సంగతి ముందే ఉత్తరంలో రాసింది కాబట్టి నాయనమ్మకు తెలుసు. మమ్మల్ని చూసి, ఫ్యాన్లు చూసి, "ఎందుకురా ఇంత ఖర్చు?" అంది. కొడుకు చెయ్యి మాత్రం చాలాసేపు వదల్లేదు.

ప్రతిష్ఠ ఆదివారం మంచి ఎండాకాలంలో వచ్చింది. రేపల్లె నుంచి పెద్ద అయ్యగారు వచ్చారు. మా ఊరి అయ్యగారు అప్పుడే కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు, నవ్వుమొహం మనిషి. ప్రార్థన చేసి స్విచ్చి వేశారు. ఫ్యాన్లు తిరిగాయి. పిల్లలు తలలెత్తి చూసి కళ్ళు తిరిగి కూలబడ్డారు. కీర్తనల పుస్తకాల్లో కాగితాలు వాటంతటవే తిరగడం మొదలుపెట్టాయి. అందరూ నవ్వుతుంటే కుర్ర అయ్యగారికి ఉత్సాహం పుట్టుకొచ్చింది.

"అక్కలూ, అమ్మలూ! ఇక మీకు విసనకర్రలతో పని లేదు. అన్నీ ఈ గంపలో వేసెయ్యండి" అన్నారు.

కానుకల సంచి తిప్పినట్టు గంప తిప్పారు. ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఒకటొకటే వేశారు. గంప నాయనమ్మ ముందుకు వచ్చింది. ఆవిడ విసనకర్రను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. అటు మగవాళ్ళ వైపు నుంచి నాన్న చూస్తున్నాడు. తల్లికి ఇక చెయ్యినొప్పి ఉండదన్న సంతోషంతో చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఇటు హార్మోనియం దగ్గర తాతయ్య, ఏం జరుగుతోందో వినబడక గంప వంక చూస్తున్నాడు. నాయనమ్మ కొడుకు మొహం చూసింది, మొగుడి మొహం చూసింది. విసనకర్ర గంపలో వేసింది. వెయ్యను అంటే ఎందుకో చెప్పాలి కదా.

గంప గుడి వెనక్కి వెళ్ళిపోయింది. పెద్ద అయ్యగారు స్తుతి కీర్తన పాడమన్నారు. కుర్ర అయ్యగారు చేత్తో సైగ చేశారు. తాతయ్య పల్లవి ఎత్తుకున్నాడు, ఎప్పటిలాగే ఒక మెట్టు పైన. సంఘం అందుకుంది. ఆయన అలవాటుగా నాయనమ్మ వైపు చూశాడు. అక్కడ ఎర్రంచు లేదు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆడించింది. కానీ అంత దూరం నుంచి, అంతమంది ఆడవాళ్ళలో, గాలికి అందరి పైటలూ ఎగురుతుంటే ఆయన కళ్ళకు అది ఏం ఆనుతుంది? సంఘం పల్లవి ముగించి ఆగింది. ఆయన పాడలేదు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనకెవరో గుసగుసలాడారు. కుర్ర అయ్యగారు గొంతు సవరించుకున్నారు. నేను నాయనమ్మ మోకాలు పట్టుకున్నాను.

తాతయ్య హార్మోనియం మూసి లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, మా ఇంటావిడ విసనకర్ర ఆవిడకు ఇప్పించండి" అన్నాడు. చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు, కాస్త పెద్దగా.

కుర్ర అయ్యగారు నవ్వారు. "ఆవిడ సరిగ్గా ఫ్యాను కిందే కూర్చున్నారు కదండీ మాస్టారూ!"

తాతయ్యకు అది వినబడలేదు. తన ధోరణిలో తను చెప్పుకుపోయాడు. "నాకు చెవులు వినబడక చాలా ఏళ్ళయిందండి. మీరు పాడుతున్నారో, ఆపారో నాకు తెలియదు. ఆవిడే చెబుతుంది. ఆ విసనకర్ర లేకపోతే నేను పాడలేనండి."

మా నాన్న మొహంలో నవ్వు ఎలా పోయిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆయన లేచి, గంప దగ్గరకు వెళ్ళి, విసనకర్రలన్నీ తిరగేసి ఎర్రంచుదాన్ని వెతికి తీశాడు. మా గుడిలో మగవాళ్ళు ఆడవాళ్ళ వైపు నడిచే అలవాటు లేదు. నాన్న నడిచి వచ్చి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో దాన్ని అందించాడు. ఆవిడ కొడుకు తల మీద ఒకసారి చెయ్యివేసి తీసుకుంది. తాతయ్య కూర్చుని మళ్ళీ పల్లవి ఎత్తుకున్నాడు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటూనే విసనకర్ర నేలకు ఆనించింది, శ్రుతి తగ్గించమని. ఆయన ఆ ఒక్కరోజు తగ్గించాడు.

శాలువా ఎవరూ తేలేదు. ఆరాధన అయ్యాక, గంప తిప్పిన ముసలావిడ నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "మాకు తెలియదనుకున్నారేంటి అమ్మగారూ? ఆ కందిరీగ వచ్చిన రోజునుంచీ మేమంతా మీ విసనకర్ర చూసే అందుకుంటున్నాం. ఇవాళ ఈ ఫ్యాను సందట్లో నేనే మర్చిపోయి గంప మీ ముందు పెట్టాను, నా బుద్ధి మండ" అంది.

ఇంటికి వచ్చాక నాయనమ్మ తాతయ్య మీద విరుచుకుపడింది. "ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని దాచాను. నలుగురిలో లేచి ఎందుకు చెప్పారండీ?"

ఆయన ఆవిడ పెదాలు చూసి, తాపీగా చొక్కా విప్పి వంకెకు తగిలించి, "నువ్వు దాచావా? నీకు తెలియకూడదని నేను కదే దాచుకున్నది" అన్నాడు. నాయనమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. తాతయ్య బాగుందని రెండుసార్లు పోయించుకున్నాడు.

ఆ తర్వాత ఫ్యాన్ల కింద కూడా ఆవిడ విసనకర్ర ఊపుతూనే ఉంది. ఇప్పుడు "వేడి ఒళ్ళు" అనాల్సిన అవసరం లేదు. ఎర్రగుడ్డ వెలిసిపోతే మార్చి కుట్టేది. నేను గుంటూరులో కాలేజీలో చేరిన తర్వాత ఒక వానాకాలం జ్వరం వచ్చి పడుకుంది, మళ్ళీ లేవలేదు. ఎక్కువ రోజులు బాధపడలేదు. నేను చేరేసరికి ఇల్లంతా జనం. నన్ను చూసి చిక్కిపోయావని అనే మనిషి లేదని అప్పుడు తెలిసింది. వాకిట్లోనే నిలబడి ఏడ్చాను.

సమాధుల దొడ్డిలో నేల తడిసి ఉంది. ప్రార్థన అయ్యాక కీర్తన పాడాలి. అయ్యగారు తాతయ్య వైపు చూశారు, అందరం చూశాం. ఆయన తల అడ్డంగా ఊపాడు. పాడలేననుకుని, నాన్న తనే ఎత్తుకోబోయాడు. అప్పుడు తాతయ్య చంకలోంచి విసనకర్ర తీశాడు. నాయనమ్మ పట్టుకున్నట్టే పట్టుకుని, మావైపు తిరిగి, తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. మేము పాడాం. మగవాళ్ళూ, ఆడవాళ్ళూ, చదువు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ, అందరం ఆ ఎర్రంచు చూసి పాడాం. చివరి చరణంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. మేమూ ఆగిపోయాం. మా పాట ఆయనకు వినబడలేదు, మేము ఆగడమూ వినబడలేదు. కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డాడు.

కాసేపటికి విసనకర్ర మళ్ళీ కదిలింది. ఆగిన చోటినుంచే అందుకున్నాం.